డైరీ ముందేసుకుని కూర్చున్నాను: పోయిన ఏడాది పరుగును ఎలా చదవాలి, వచ్చే జనవరికి ఎలా గీసుకోవాలి?

వేలచ్చేరి రన్నర్ (ప్రశ్న)

అందరికీ నమస్కారం. కొంచెం పొడుగ్గా రాస్తున్నాను, ఓపిగ్గా చదవండి.

మాది గూడూరు. పెళ్లయి చెన్నై వచ్చి పద్దెనిమిదేళ్లయింది. ఇల్లు వేలచ్చేరిలో, ఉద్యోగం గిండీలో ఒక కంపెనీ అకౌంట్స్ సెక్షన్‌లో. వయసు 43. ఆరేళ్ల కిందట షుగరు అంచుల్లో ఉందని డాక్టరు చెబితే నడక మొదలుపెట్టాను. ఆ నడకే పరుగయింది. ఇప్పుడు పొద్దున పరిగెత్తని రోజు ఏదో పని మిగిలిపోయినట్టే ఉంటుంది.

జనవరి 5న చెన్నై ఫుల్ మారథాన్ (42.2 కిలోమీటర్లు) 5 గంటల 6 నిమిషాల్లో పూర్తిచేశాను. కిందటేడు జనవరిలో, అది నా మొదటి ఫుల్, 4 గంటల 58 నిమిషాలు పట్టింది. అంటే ఏడాదంతా నాలుగింటికి లేచి, పండగలకి కూడా మానకుండా చేసి, ఎనిమిది నిమిషాలు వెనక్కి వెళ్లాను. మొదటి సగం 2:22లో అయిపోయింది. రెండో సగానికి 2:44 పట్టింది. 32వ కిలోమీటరు దాటాక తొడలు బిగుసుకుపోయాయి. అక్కణ్ణుంచి రెండు నిమిషాలు పరుగు, మూడు నిమిషాలు నడక. మెళ్లో మెడల్ వేస్తుంటే ఏడుపొచ్చింది. మొదటిసారి వచ్చిన ఏడుపు వేరు, ఇది వేరు.

డైరీ రోజూ రాస్తాను. అకౌంట్స్‌లో పనిచేసేదాన్ని, లెక్క రాయకపోతే నాకు తోచదు. 2023లో మొత్తం 1,090 కిలోమీటర్లు, 2024లో 1,274. పరుగు పెరిగిందే కానీ తగ్గలేదు. ఏప్రిల్ చివర్లో బెంగళూరు వరల్డ్ 10కె 58 నిమిషాల 40 సెకన్లలో చేశాను, 10కెలో అదే నా బెస్ట్. ఆగస్టు చివరి ఆదివారం హైదరాబాద్ హాఫ్ మారథాన్, అంటే ఫుల్‌లో సగం దూరం, 2 గంటల 18 నిమిషాలు. ఆ తర్వాత ఎడమ పిక్క పట్టేసి సెప్టెంబరు సగం పోయింది. నవంబరులో 71 కిలోమీటర్లే అయ్యాయి. ఆ లోటు పూడ్చాలని డిసెంబరులో 188 చేశాను. మూడు ఆదివారాలు వరసగా 28, 32, 30. అంత చేసి కూడా ఇలా అయింది.

మా గ్రూపులో ఒకరు నీకు స్పీడ్ తక్కువ, వారానికి రెండుసార్లు ఇంటర్వెల్స్ (కాసేపు వేగంగా, కాసేపు మెల్లగా మార్చి మార్చి పరిగెత్తడం) చెయ్యి అన్నారు. ఇంకొకరు వయసు అన్నారు. మా వారు హాఫ్‌తో ఆపేయమంటున్నారు, నా మీద ప్రేమతోనే.

నేను అడిగేది ఇది. ఒక ఏడాది డైరీ చేతిలో ఉంటే దాన్ని ఎలా చదవాలి? దేన్ని వెతకాలి? మార్చిలో ఇయర్ ఎండింగ్, రాత్రి తొమ్మిదిదాకా ఆఫీసులోనే. మా అత్తగారికి మోకాళ్ల నొప్పులు, కాబట్టి మామూలు రోజుల్లో ఆరున్నరకల్లా ఇంట్లో ఉండాలి. వచ్చే జనవరికి ఇప్పుడే ప్లాన్ వేసుకోవాలని ఉంది. దయచేసి చెప్పండి.

తిరువాన్మియూరు తెలుగబ్బాయి

అక్కా, ముందుగా కంగ్రాట్స్. చెన్నైలో ఫుల్ పూర్తిచేయడం ఎనిమిది నిమిషాల తేడాతో చిన్నదైపోదు.

డైరీలో మే, జూన్ చూడండి. నేను మూడేళ్లు అక్కడే తప్పు చేశాను. ఫిబ్రవరిలో తెల్లవారుజామున 22 డిగ్రీలుంటే, మేలో అదే టైముకి 28, 29 ఉంటుంది. పైగా సముద్రపు తేమ. చెమట పడుతుంది కానీ ఆరదు. ఆరితేనే ఒళ్లు చల్లబడేది. ఒంటిని చల్లార్చడానికి రక్తం చర్మం వైపు మళ్లుతుంది, కాళ్లకి అందేది తగ్గుతుంది, అదే స్పీడుకి గుండె ఎక్కువ కొట్టుకోవాల్సి వస్తుంది. అందుకని కర్తరి ఎండల్లో, ఇక్కడివాళ్లు కత్తిరి అంటారు కదా, ఫిబ్రవరి పేస్ (కిలోమీటరుకి పట్టే టైము) పట్టుకుని వేలాడితే రోజూ రేసు పరిగెత్తినట్టే. నేను మే, జూన్‌లలో వాచీలో పేస్ కనపడకుండా పెట్టేసి గుండె వేగం ఒక్కటే చూస్తాను.

ఇంకొకటి. పరుగుకి ముందు, తర్వాత బరువు చూసుకోండి. నాకు మేలో గంటకి కిలో పైనే తగ్గుతుంది. అది కొవ్వు కాదు, నీళ్లు. ఎంత తాగాలో ఆ లెక్క చెబుతుంది. ఉప్పు కూడా మరిచిపోవద్దు, ఓఆర్ఎస్ పాకెట్ చాలు.

ఇంటర్వెల్స్ మాత్రం నాకు బాగా పనిచేశాయి. అయితే నేను హాఫ్‌లే చేస్తాను, ఫుల్ సంగతి నాకంటే పెద్దవాళ్లు చెప్పాలి.

కడప మాస్టారు, బెంగళూరు

అమ్మా, నేను ముప్పై ఒక్క ఏళ్లు ప్రభుత్వ స్కూళ్లలో పీఈటీగా చేసి రిటైరయ్యాను. ఇప్పుడు మారతహళ్లిలో కూతురి దగ్గర ఉంటున్నాను. వారానికి రెండు రోజులు బస్సెక్కి కంఠీరవ స్టేడియం దాకా పోయి పిల్లల ప్రాక్టీసు చూస్తూ కూర్చుంటాను. మీ పోస్టు రెండుసార్లు చదివాను.

వయసు మాట పక్కన పెట్టండి. 43 ఏళ్లకి మారథాన్‌లో దారులన్నీ మూసుకుపోవు. స్పీడ్ సంగతి మాత్రం లెక్క వేసి చూద్దాం. పీట్ రీగల్ అనే ఇంజినీరు 1977లో ఒక సూత్రం ఇచ్చాడు. దూరం రెండింతలైతే టైము రెండింతలు కాదు, సుమారు 2.085 ఇంతలు అవుతుంది. మీ 10కె 58:40ని దాంట్లో పెడితే హాఫ్ 2 గంటల 9 నిమిషాలు, ఫుల్ 4 గంటల 30 నిమిషాలు రావాలి. మీ హాఫ్ 2:18 వచ్చింది, హైదరాబాద్ ఫ్లైఓవర్లు ఎక్కీ దిగీ వచ్చిన టైము కాబట్టి అది బాగున్నట్టే. ఆ హాఫ్ నుంచి లెక్క కట్టినా ఫుల్ 4:48 రావాలి. వచ్చింది 5:06. దూరం పెరిగేకొద్దీ మీరు లెక్కకి దూరం జరుగుతున్నారు. పదికి ఉన్న కాళ్లు నలభై రెండుకి లేవు. ఇది దమ్ము లోటు, స్పీడు లోటు కాదు. వారానికి రెండు ఇంటర్వెల్స్ పెడితే 10కె ఇంకో నిమిషం తగ్గుతుందేమో, 32వ కిలోమీటరు దగ్గర మాత్రం మళ్లీ ఇదే జరుగుతుంది.

ఇక డైరీ. మీరు రాసినవన్నీ కిలోమీటర్లు, టైములు. అవి అయిపోయిన తర్వాతి అంకెలు. నాకు కావలసింది వాటి వెనక ఉన్నది. ఒక సంగతి చెబుతాను. మన విశాఖ అమ్మాయి జ్యోతి యర్రాజి 2022 ఏప్రిల్‌లో కోళికోడ్‌లో 100 మీటర్ల హర్డిల్స్ 13.09 సెకన్లలో దూకింది. అప్పటి జాతీయ రికార్డు 13.38, అదీ 2002 నాటిది. అయినా ఆ 13.09ని రికార్డుగా తీసుకోలేదు. వెనక గాలి సెకనుకి 2.1 మీటర్లు ఉంది, 2.0 దాటితే రికార్డుకి పనికిరాదు. తర్వాతి నెల సైప్రస్‌లో 13.23 పరిగెత్తి రికార్డు తన పేర రాయించుకుంది. టైము చూస్తే 13.23 తక్కువ ఘనతలా కనిపిస్తుంది, గాలి సంగతి పక్కన రాసుంటేనే అర్థమవుతుంది. మీ డైరీలో టైము పక్కన ఆ గాలి కాలమ్ లేదు.

కాబట్టి ఒక పని చేయండి. పెద్ద కాగితం తీసుకుని వారానికి ఒక వరస చొప్పున 52 వరసలు గీయండి. ప్రతి వరసలో నాలుగు గళ్లు. ఆ వారం ఏం చేద్దామనుకున్నారు, ఏం చేశారు, తప్పితే ఎందుకు తప్పింది, ఆ వారం నిద్ర, వాతావరణం, ఇల్లు ఎలా ఉన్నాయి. గుర్తున్నంత నిజం రాయండి, ఎవరికీ చూపించక్కర్లేదు. 2023 డైరీ ఉందన్నారు కదా, దాన్నీ పక్కనే అలాగే గీయండి. ఒక్క ఏడాది చూస్తే జరిగినదంతా ఆ ఏటి కర్మ అనిపిస్తుంది. రెండేళ్లు పక్కపక్కన పెట్టినప్పుడే ఏది మళ్లీ మళ్లీ వస్తోందో తెలుస్తుంది.

బాగా జరిగిన వారాలకి కూడా ఎందుకు బాగా జరిగిందో రాయండి. ఇది చాలామంది రాయరు. స్కూల్లో పిల్లలు ఓడినప్పుడు అందరం కూర్చుని మాట్లాడుకునేవాళ్లం, గెలిచినప్పుడు స్వీట్లు తిని ఇళ్లకి పోయేవాళ్లం. ఎందుకు గెలిచారో రాసిపెట్టుకోనందుకు నాకు ఇప్పటికీ బాధే.

తొందర లేదు. ఫిబ్రవరిలో ఎలాగూ తేలిక పరుగే.

వేలచ్చేరి రన్నర్

మాస్టారూ, రెండు రాత్రులు కూర్చుని గీశాను. అత్తగారు నిద్రపోయాక, వంటింట్లో, పాత లెడ్జర్ కాగితాల వెనక. మీకు ఎలా చెప్పాలో తెలియడం లేదు. చేతిలో పెట్టుకుని రెండేళ్లు చూడలేదు.

2023లో నవంబరు చివరి వారం నుంచి డిసెంబరు రెండో వారం దాకా గళ్లు ఖాళీ. మిచౌంగ్ తుపాను. డిసెంబరు 3 రాత్రి, 4 పగలు ఆగకుండా కురిసింది. మాది గ్రౌండ్ ఫ్లోర్. నడుముల్లోతు నీళ్లలో అత్తగారిని కుర్చీతో సహా మోసుకుని పైన ఇంటివాళ్ల దగ్గర పెట్టాం. కరెంటు మూడు రోజులు లేదు. తర్వాత పది రోజులు ఇల్లు కడగడమే సరిపోయింది. పరుగు ఊసే లేదు. ఆ తర్వాత డిసెంబరు మధ్య నుంచి వరసగా మూడు లాంగ్ రన్‌లు కుక్కాను.

2024లో అక్టోబరు 15 నాటికే మొదలైంది. నీళ్లొస్తాయని భయపడి మా వేలచ్చేరి వాళ్లు కార్లన్నీ తీసుకెళ్లి ఫ్లైఓవర్ మీద పెట్టారు, పేపర్లో కూడా వచ్చింది. నవంబరంతా ముసురు. నవంబరు 30న ఫెంగల్ తుపాను. అక్టోబరు 27న చేసిన 26 కిలోమీటర్ల తర్వాత డిసెంబరు 8 దాకా ఒక్క లాంగ్ రన్ లేదు. ఆరు వారాలు. మళ్లీ డిసెంబరులో అవే మూడు ఆదివారాలు. చివరి 30 కిలోమీటర్లు రేసుకి సరిగ్గా రెండు వారాల ముందు.

రెండు కాగితాలు పక్కపక్కన పెడితే గుంత ఒకే చోట ఉంది. దాన్ని పూడ్చిన తీరూ ఒక్కటే.

చెన్నైలో ఏడాది వానలో సగం పైన ఈశాన్య రుతుపవనాల్లోనే, అక్టోబరు నుంచి డిసెంబరు లోపలే పడుతుందని ఇక్కడ చిన్నపిల్లలకీ తెలుసు. జనవరి మొదటి వారంలో మారథాన్ పెట్టుకుని, దానికి అసలైన లాంగ్ రన్‌లన్నీ నవంబరులో రాసుకున్నాను. ఇంటర్నెట్‌లో దొరికిన 16 వారాల ప్లాన్ తీసుకుని రేసు తేదీ నుంచి వెనక్కి లెక్కపెట్టాను. ఆ ప్లాన్‌కి చెన్నై సంగతి ఏం తెలుసు?

ఆఫీసులో ఏటా అదే నెలలో వచ్చే ఖర్చు ఉంటే దానికి ముందే ప్రొవిజన్ పెడతాం, అంటే ఆ డబ్బు లెక్కలో ముందే పక్కన పెడతాం. పెట్టకపోతే ఆడిటర్ ఒప్పుకోడు. నేనేమో రెండేళ్లు ఆ వానని ఊహించని ఖర్చులాగా రాసుకున్నాను.

బాగా జరిగింది రాయమన్నారు కదా, అది ఇంకా ఆశ్చర్యం. ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ దాకా మా పక్కింటావిడ నాతో వచ్చేది. ఆవిడ నాకంటే నెమ్మది. ఇద్దరం తమిళంలో కబుర్లు చెప్పుకుంటూ పళ్లికరణై రోడ్డు వైపు వెళ్లొచ్చేవాళ్లం. గుండె వేగం 140 దాటేది కాదు. మార్చిలో ఆఫీసు పనివల్ల 48 కిలోమీటర్లే అయినా ఏప్రిల్‌లో 10కె బెస్ట్ వచ్చింది. మేలో వాళ్లు తాంబరం మారిపోయారు. ఒక్కదాన్నే అయ్యాక స్పీడ్ పెంచాను. తిరువాన్మియూరు తమ్ముడు చెప్పినట్టే మేలో ప్రతి పరుగూ 158, 160. దాన్ని మంచి ప్రాక్టీస్ అనుకున్నాను. ఆవిడ వల్ల ఆలస్యమవుతోందని అప్పట్లో ఒకటి రెండుసార్లు లోపల విసుక్కున్నాను కూడా. నిన్న ఫోన్ చేసి ఈ సంగతంతా చెప్పాను.

ఇంకొకటి కూడా కనిపించింది. "ఎందుకు తప్పింది" అన్న గడిలో 2024లో "అలసట" అని 23 సార్లు రాశాను. అందులో 17 సెప్టెంబరు తర్వాతే. 2023లో మొత్తం మీద ఆరు. ఇది నాకు అర్థం కాలేదు.

పరుగూ నొప్పీ (ఫిజియో, తిరుపతి)

నమస్తే అండీ. ఆ 23 అలసటల దగ్గర ఆగాను. నలభై దాటిన ఆడవాళ్లు దూరపు పరుగులు చేస్తూ "ఊరికే అలసటగా ఉంది" అంటే నేను ముందు అడిగేది రక్త పరీక్ష. హిమోగ్లోబిన్ ఒక్కటే కాదు, ఫెర్రిటిన్ కూడా. హిమోగ్లోబిన్ 12 కంటే తగ్గితే రక్తహీనత అంటారు. ఫెర్రిటిన్ అంటే ఒంట్లో దాచుకున్న ఇనుము, అది ముందే అడుగంటుతుంది. హిమోగ్లోబిన్ బాగానే ఉండి ఫెర్రిటిన్ తక్కువగా ఉన్నవాళ్లు నా దగ్గరికి చాలామంది వస్తారు. నెలసరిలో ఎక్కువగా పోతోందా? నలభైల్లో అది మారుతుంది. డైరీలో నెలసరి తేదీలు కూడా రాయండి, సిగ్గుపడాల్సింది ఏమీ లేదు. పరీక్ష చూసి మాత్రలు డాక్టరు గారు రాయాలి, మీ అంతట మీరు కొనుక్కోవద్దు. భోజనంతో పాటు కాఫీ, టీ తాగే అలవాటు ఉంటే గంటైనా దూరం జరపండి, అవి ఇనుమును ఒంటికి పట్టనివ్వవు.

పిక్క సంగతి. చెన్నై బల్లపరుపు ఊరు. మీరు ఆరు నెలలు చదును రోడ్డు మీద పరిగెత్తి హైదరాబాద్ ఫ్లైఓవర్ల మీదికి వెళ్లారు. ఎక్కేటప్పుడు పిక్క మీద, దిగేటప్పుడు తొడల మీద అలవాటులేని బరువు పడింది. వారానికి రెండుసార్లు ఇంట్లోనే, మెట్టు అంచున నిలబడి మడమ పైకెత్తి మెల్లగా దించడం, ఒక్కో కాలికి పదిహేను, మూడు విడతలు. గుంజీలు కూడా, తొందర లేకుండా. వయసుతో పాటు కండ తగ్గుతుంది, బరువు మోపితేనే నిలుస్తుంది. వాన రోజుల్లో బయటికి వెళ్లలేనప్పుడు ఇవి ఎలాగూ చేయొచ్చు.

రేసులో ఏం తిన్నారో చెప్పలేదు?

వేలచ్చేరి రన్నర్

రెండు జెల్స్ మేడమ్, పరుగులో బలానికి తినే తీపి గుజ్జు పాకెట్లు, అయిదు గంటల పరుగు మొత్తానికి. కడుపు తిప్పుతుందని భయం. ప్రాక్టీస్‌లో అయితే మంచినీళ్లు మాత్రమే. ఆ 32 కిలోమీటర్లు కూడా ఏమీ తినకుండానే చేశాను, ఒంటికి అలవాటవుతుందని ఎవరో చెప్పారు. రేపే పరీక్షకి ఇస్తాను.

కడప మాస్టారు, బెంగళూరు

శభాష్ తల్లీ. ఆ ప్రొవిజన్ మాట నేను జీవితంలో మరిచిపోను. మా మెట్ట పొలాల్లో క్యాలెండరు చూసి చెనిక్కాయ విత్తరు, వాన పడి నేల పదును అయితే విత్తుతారు. మీకు నేల చెన్నై. వానని తప్పించలేరు కాబట్టి వాన రాకముందే పని ముగించాలి.

ఇలా చూడండి. రేసుకి దమ్ము సంపాదించే లాంగ్ రన్‌లు జూలైలో మొదలై అక్టోబరు మధ్యకి అయిపోవాలి. చెన్నైలో ఆ నెలల్లో వాన పడితే ఎక్కువగా సాయంత్రాలు, తెల్లవారుజాములు మిగులుతాయి. ఎండ బాధ ఉంటుంది, కాబట్టి పేస్ అడగకండి, దూరం మాత్రం అడగండి. జూలై మొదటి ఆదివారం 16తో మొదలుపెట్టి, మూడు వారాలు పెంచి నాలుగో వారం తగ్గిస్తూ, అక్టోబరు రెండో ఆదివారానికి 30 చేరండి. ప్రతి లాంగ్ రన్‌లోనూ తినడం ప్రాక్టీస్ చేయాలి. గంటకి 30 గ్రాముల పిండిపదార్థం తక్కువలో తక్కువ. ఒక జెల్‌లో ఇరవై నుంచి పాతిక గ్రాములుంటుంది. జెల్ పడకపోతే ఖర్జూరం, అరటిపండు తినండి. మీరు అయిదు గంటలకి యాభై గ్రాములు తిని నలభై రెండు కిలోమీటర్లు ఈడ్చుకొచ్చారు. 32 దగ్గర ఆగిపోయిన కాళ్లని తిట్టకండి.

అక్టోబరు మధ్య నుంచి నవంబరు చివరి దాకా ప్లాన్ గడి ఇలా రాయండి: వారానికి మూడుసార్లు, నలభై నిమిషాలు, ఎక్కడైనా సరే. అపార్ట్‌మెంట్ మెట్లయినా సరే. తెరిపిచ్చిన ఆదివారం దొరికితే ఇరవై. దొరక్కపోతే అంతే. పోయిన పరుగు పోయినట్టే, దాన్ని తర్వాతి వారంలో కలపకూడదు. ఇది ఒక్కటి నాకు మాట ఇవ్వండి. నవంబరు 71 నుంచి డిసెంబరు 188కి దూకితే ఒళ్లు బలపడదు, అరిగిపోతుంది. పరుగు వల్ల వచ్చే బలం పరిగెత్తేటప్పుడు రాదు, తర్వాతి విశ్రాంతిలో వస్తుంది. మీరు జనవరి 5న మొదలు లైను దగ్గరికే అలసిపోయి వచ్చారు.

డిసెంబరులో రెండే లాంగ్ రన్‌లు. చివరిది రేసుకి మూడు వారాల ముందు. తర్వాత మొదటి వారం మామూలులో ముప్పావు వంతు, రెండో వారం సగం కొంచెం పైన, ఆఖరి వారం మూడో వంతు. దూరం తగ్గించండి కానీ వారానికి ఒకరోజు కాసేపు రేసు పేస్ తగలనివ్వండి, లేకపోతే కాళ్లు మొద్దుబారతాయి.

మార్చిలో ఇయర్ ఎండింగ్ అంటున్నారు. మార్చి ఖాళీగానే రాసేయండి. వారానికి మూడుసార్లు అయిదేసి కిలోమీటర్లు, నిద్ర ఎక్కువ. కిందటేడు 48 కిలోమీటర్లే అయినా ఏం నష్టపోయారు? బెస్ట్ వచ్చింది కదా.

ఒక్కటి మీరే తేల్చుకోవాలి. ఆగస్టులో హైదరాబాద్ హాఫ్. ఈ ప్లాన్‌లో ఆ ఆదివారం 24 కిలోమీటర్ల లాంగ్ రన్ ఉంటుంది. రేసుని లాంగ్ రన్‌లాగా మెల్లగా పరిగెత్తగలిగితే పోండి.

తిరువాన్మియూరు తెలుగబ్బాయి

మాస్టారూ, మీ రీగల్ లెక్క నా టైములకి వేసి చూశాను. నాది అటువైపు తేడా, హాఫ్ కంటే 10కె బలహీనం. అందుకే ఇంటర్వెల్స్ నాకు పనికొచ్చాయి అన్నమాట. అక్కకి ఊరికే చెప్పేశాను, క్షమించాలి.

అక్కా, ఆదివారాలు మేం అయిదారుగురం బీసెంట్ నగర్ ఇలియట్స్ బీచ్ దగ్గర నాలుగుంబావుకి కలుస్తాం. మా వాళ్లలో ఇద్దరు ఆడవాళ్లున్నారు. అంత పొద్దున్నే వేలచ్చేరి నుంచి ఒక్కరే రావద్దు, మా ఆవిడ స్కూటీ మీద అటు వచ్చి మిమ్మల్ని తీసుకొస్తుంది. లాంగ్ రన్‌లో అడయార్ వంతెన మీద నాలుగుసార్లు ఎక్కి దిగుతాం, ఫిజియో మేడమ్ చెప్పిన ఎత్తుపల్లాల కోసం. నెలకొకసారి సెయింట్ థామస్ మౌంట్ మెట్లు కూడా.

వేలచ్చేరి రన్నర్

రిపోర్టు వచ్చింది. హిమోగ్లోబిన్ 10.9, ఫెర్రిటిన్ 9. డాక్టరు గారు మాత్రలు రాసి, నెలసరి విషయానికి స్కాన్ కూడా చేయించమన్నారు, మూడు నెలల తర్వాత మళ్లీ పరీక్ష. ఇంత తక్కువతో ఆ దూరం ఎలా పరిగెత్తావమ్మా అని అడిగారు. ఆ మాట విన్నాక మా వారు ఇంటికొచ్చి, హాఫ్‌తో ఆపేయమన్న మాట వెనక్కి తీసుకుంటున్నానన్నారు. పొద్దున కాఫీ టిఫిన్‌తో కాకుండా ఆఫీసుకెళ్లాక తాగుతున్నాను. మొదటి నాలుగు రోజులు కష్టమైంది.

హైదరాబాద్ గురించి వారం ఆలోచించాను. అక్కడ మా తమ్ముడుంటాడు, ఏటా ఆ వంకతో రెండు రోజులు వాళ్లింట్లో ఉంటాను. రేసుని మెల్లగా పరిగెత్తగలనా అని నన్ను నేను అడిగాను. లేను. బిబ్ (రేసు నంబరు) కట్టుకున్నాక ముందు ఎవరైనా కనపడితే నేను ఆగలేను, నా సంగతి నాకు తెలుసు. కాబట్టి ఈ ఏడాది పరిగెత్తను. తమ్ముణ్ణి దసరాకి ఇక్కడికి రమ్మన్నాను. బెంగళూరు 10కె మాత్రం ఉంచుకుంటున్నాను, టైము కోసం కాదు, మా చెల్లెలు కూడా మొదటిసారి చేస్తానంటోంది.

ప్లాన్ కొత్త లెడ్జర్ కాగితం మీదే గీశాను. మార్చి గళ్లలో "ఆఫీసు" అని రాసి వదిలేశాను. నవంబరు గళ్లలో "వాన" అని ముందే రాశాను. దాని కింద మీరు చెప్పిన మూడు నలభై నిమిషాలు, మడమల వ్యాయామం. గుండె వేగానికి ఒక గడి, నిద్రకి ఒక గడి, నెలసరికి ఒకటి, ఏం తిన్నానో ఒకటి. మాస్టారూ, పోయిన పరుగుని తర్వాతి వారంలో కలపను. మాట ఇస్తున్నాను.

తాంబరం వెళ్లిపోయిన పక్కింటావిడ ఈ శనివారం లోకల్ ట్రైన్‌లో గిండీ దాకా వస్తానంది. ఇద్దరం అక్కణ్ణుంచి మెల్లగా ఆరు కిలోమీటర్లు అనుకున్నాం.

అక్టోబరు రెండో ఆదివారం 30 అయ్యాక ఇక్కడే వచ్చి రాస్తాను.